గోదావరి డెల్టాలో దొరికే బొమ్మల పెంకులు, పూతల పెంకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

డెల్టాలో ఇంటి పునాది తీసినా, చేపల చెరువు తవ్వినా ఎప్పుడో ఒకప్పుడు పారకి కుండ పెంకు తగులుతుంది. ఎక్కువసార్లు అది మన ముత్తాతల నాటి అటిక ముక్కే. అప్పుడప్పుడు మాత్రం శాతవాహనుల కాలం నాటి పళ్లెం అంచో, డచ్చివాళ్ల ఓడలో వచ్చిన పింగాణీ ముక్కో అవుతుంది. కొత్తదీ పాతదీ బురదలో ఒకేలా కనిపిస్తాయి. వాటిని వేరు చేయడం, పాడు చేయకుండా చూసుకోవడం, ఎవరికి చెప్పాలో తెలియడం గురించి పదేపదే వచ్చే ప్రశ్నలివి.

పునాది తవ్వుతుంటే గీతలున్న కుండ పెంకు బయటపడింది. ముందు ఏం చేయాలి?

పార ఆపండి. పెంకు ఇంకా మట్టిలోనే ఉంటే పట్టి లాగకండి. పక్కన 10 రూపాయల నాణెం పెట్టి (దాని అడ్డం 27 మి.మీ., కొలతకు పనికొస్తుంది) పై నుంచి ఒకటి, గోతి గోడ కనిపించేలా ఒకటి ఫోటో తీయండి. నేల మట్టం నుంచి ఎంత లోతులో ఉందో టేపుతో కొలవండి. చుట్టూ మట్టి ఏ రంగులో ఉంది, బూడిద ఉందా, బొగ్గు ఉందా, ఇటుకలున్నాయా అన్నది రెండు ముక్కల్లో రాసుకోండి. ఫోన్లో లొకేషన్ దాచుకోండి.

అప్పటికే ఊడి చేతికి వచ్చిన పెంకుల్ని, ఏ గోతివి ఆ గోతికి, ఏ లోతువి ఆ లోతుకి వేరు సంచుల్లో వేయండి. లోపల చీటీ పెట్టండి. చీటీ పెన్సిల్‌తోనే రాయాలి. తడి పెంకుల మధ్య బాల్‌పెన్ రాత నెల తిరగకుండా అలుక్కుపోతుంది.

ఎముకలు, నాణేలు, పెద్ద పెద్ద ఇటుకల వరస, బోర్లించిన, విరగని కుండ, వీటిలో ఏది కనిపించినా పని మొత్తం ఆపి వీఆర్వోకో తహసీల్దారుకో చెప్పాలి. ఎందుకన్నది చట్టం గురించిన ప్రశ్నలో ఉంది.

ఇది పాతదేనా, ఇంటి పెంకు ముక్కేమో?

సరైన అనుమానమే. మన భాషలో కుండ ముక్కకీ ఇంటికప్పు మీద పరిచేదానికీ ఒకటే మాట కావడం వల్ల సగం గందరగోళం అక్కడే పుడుతుంది. గూన పెంకు ముక్కకి వంపు ఒక్క వైపే ఉంటుంది, పొడుగునా తిన్నగా పోతుంది. కుండ ముక్కకి వంపు రెండు వైపులా ఉంటుంది. తిన్నటి బల్ల మీద పెట్టి ఊపితే తెలిసిపోతుంది: గూన పెంకు ఒక దిశలోనే ఊగుతుంది, కుండ పెంకు ఎటు నొక్కితే అటు ఊగుతుంది. బెంగుళూరు పెంకుకి అచ్చులో ఒత్తిన గాడులు, అక్షరాలు ఉంటాయి.

అయితే శాతవాహన కాలంలోనూ కప్పు పెంకులు ఉన్నాయి. బల్లపరుపుగా, పైన గాడులతో, మేకు దిగడానికి చిల్లులతో ఉంటాయి. వాటి తోడుగా సుమారు 50 సెం.మీ. పొడవు, 25 నుంచి 30 సెం.మీ. వెడల్పు, 7, 8 సెం.మీ. మందం ఉన్న ఇటుకలు కనిపిస్తే ఆ చోటు మామూలు చోటు కాదు.

విరిగిన అంచులో మధ్యన నల్లటి చార కనిపిస్తే అది పాతదనానికి గుర్తని చాలామంది అనుకుంటారు. కాదు. కాల్చేటప్పుడు వేడి, గాలి లోపలి దాకా చేరలేదని మాత్రమే దాని అర్థం. మొన్న ఉగాదికి కాల్చిన కుండలోనూ ఆ చార ఉండొచ్చు. బరువు, పాచి, మసి కూడా వయసు చెప్పవు.

డెల్టాలో పాత పెంకులు ఎక్కువగా ఎక్కడ దొరుకుతాయి?

పాటిదిబ్బల్లో. పాత ఊరు పాడుపడి, గోడలు కూలి, బూడిద, పేడ, పెంట పేరుకుని మెరకగా నిలిచిన చోటే పాటి. నది పాయల గట్టు వెంబడి, పాతకాలపు సముద్రపు ఒడ్డు వదిలిన ఇసుక మెరకల మీద ఇవి కనిపిస్తాయి. వరదకి మునగని చోటే కదా మనిషి ఇల్లు కట్టేది.

అధికారికంగా తవ్వినవి, రక్షణలో ఉన్నవి చెప్పుకోవాలంటే కోనసీమలో వైనతేయ పాయ పక్కన ఆదుర్రు బౌద్ధ స్తూపం, డెల్టా పై అంచున సాలంకాయన రాజుల రాజధాని వేంగి అయిన పెదవేగి, దాని పక్కన దెందులూరు దిబ్బలు, ఇంకా పైన మెట్టలో గుంటుపల్లి గుహలు ముఖ్యం. పిఠాపురం దగ్గర కొడవలిలో శాతవాహన రాజు చండసాతి శాసనం ఉంది. అంటే ఈ నేల మీద ఆ కాలపు జనావాసం గురించి సందేహం లేదు.

ఇక్కడొక చిక్కు ఉంది. పాటిమన్ను పొలానికి మంచి ఎరువు. బూడిద, ఎముక, పేడ కలిసిన మట్టి కాబట్టి తరతరాలుగా బండ్ల మీద తోలుకెళ్లి చల్లారు. ఆ మన్నుతో పాటు పెంకులూ పొలాలకి చేరాయి. కాబట్టి చేలో పలచగా చెదిరిన పెంకులు కనిపించినంత మాత్రాన అక్కడ ఊరుందని కాదు, ఊరు పక్కన ఎక్కడో ఉందని మాత్రమే. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పుడూ ఆ తర్వాతా తవ్విన కాలువల గట్ల మీద మట్టి కూడా ఒకచోటి నుంచి తెచ్చి ఇంకోచోట వేసినదే. ఇక కోనసీమలో ఇంటి స్థలం మెరక చేయకుండా ఇల్లు కట్టరు. మీ పెరట్లో పెంకు దొరికిందంటే ముందు అడగాల్సింది ఆ మట్టి ఏ ఊరి నుంచి ట్రాక్టర్ మీద వచ్చిందని. సముద్రపు అంచున ఉన్నది డెల్టాలో అన్నిటికన్నా కొత్త నేల. అక్కడ జానెడు లోతులో శాతవాహన పెంకు కనిపిస్తే తోలిన మట్టేనేమో అని మొదట అనుమానించాలి.

కుండల మీద అలంకరణ ఏయే పద్ధతుల్లో చేశారు?

పద్ధతి తెలిస్తే కాలం సగం తెలిసినట్టే. కాబట్టి ఏం గీశారో చూడబోయే ముందు ఎప్పుడు గీశారో చూడండి. సారె (కుమ్మరి చక్రం) మీద ఉండగానా, కాస్త ఆరాకా, పూర్తిగా ఎండాకా, కాల్చాకా?

సారె తిరుగుతుండగా వేసినవి: చుట్టూ పోయే గాడులు, దువ్వెన లాంటి పనిముట్టు ఆనించి తీసిన అలల గీతలు. సారె వేగం సమంగా ఉంటే గీత మొదలూ చివరా ఒకే ఎత్తులో కలుస్తాయి. చేత్తో తిప్పి గీస్తే కలిసే చోట మెట్టు కనిపిస్తుంది.

కాస్త ఆరాక వేసినవి: తాడు ఒత్తిన గుర్తులు, చెక్క ముద్రలు, వేరే మట్టి పట్టీని అంటించి బొటనవేలితో వరసగా నొక్కిన తాడు లాంటి అంచు. ఈ నొక్కుల పట్టీ బానల మీద, ధాన్యం పోసుకునే పెద్ద కుండల మీద ఎక్కువ. అది అందానికే కాదు, ముక్కలుగా చేసి అతికిన చోట బలానికీ, ఎత్తేటప్పుడు చెయ్యి జారకుండానూ. ఈ పద్ధతి రెండు వేల ఏళ్లుగా మానలేదు కాబట్టి దాన్ని చూసి ఒక్కదానితో కాలం చెప్పడం కుదరదు.

ఎండాక చేసేవి పూత, మెరుగు. జాజు లాంటి ఇనుము ఉన్న ఎర్రమట్టిని నీళ్లలో కలిపి, ఇసుక అడుక్కి దిగాక పైన తేరిన సన్నటి మడ్డిని పూస్తారు. దాన్ని నున్నటి గులకరాయితో రుద్దితే మట్టి రేకులు ఒక దిశకి పడుకుని మెరుస్తాయి. ఏటవాలు వెలుతురులో చూస్తే రాయి నడిచిన చారలు కనిపిస్తాయి. చారలు లేకుండా అద్దంలా ఉంటే అది గ్లేజు (గాజు లాంటి పూత) అయి ఉండొచ్చు, లేదా చాలా సన్నటి పూతను ఎక్కువ వేడిలో కాల్చింది అయి ఉండొచ్చు.

కాల్చాక చేసేవి ఎక్కువగా గోకిన గుర్తులు.

లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకు ఎలా తయారైంది? రెండు రంగులు పూశారా?

పూయలేదు. ఒకే మట్టి, ఒకే పూత. మట్టిలో ఉన్న ఇనుముకి గాలి తగిలితే ఎర్రబడుతుంది, గాలి అందక పొగ పట్టితే నల్లబడుతుంది. కుండని బోర్లించి లోపల ఊక, ఆకు, గడ్డి లాంటివి కూరి కాలిస్తే లోపలా మూతి చుట్టూ నలుపు, బయట ఎరుపు వస్తాయి. రెండుసార్లు కాల్చి కూడా ఇది సాధించవచ్చని ప్రయోగాలు చేసి చూపినవాళ్లున్నారు.

దక్షిణాదిలో బృహత్ శిలాయుగపు (పెద్ద రాళ్లతో సమాధులు కట్టిన కాలపు) సమాధుల్లో ఇవి కనిపిస్తాయి, శాతవాహన కాలపు కింది పొరల్లోకీ కొనసాగుతాయి. పొయ్యి మీద మసిబారిన అటికని దీనితో పొరబడేవాళ్లు ఎక్కువ. మసి అయితే నలుపు బయట, అడుగున ఉంటుంది. నిజమైన నలుపు-ఎరుపు పెంకులో విరిగిన అంచు చూస్తే నలుపు మందం లోపలికి దిగి, ఎరుపుతో ఒక గీత దగ్గర కలుస్తుంది.

రౌలెటెడ్ వేర్ అంటారే, అది ఎలా ఉంటుంది? అది రోమన్లదా?

తూర్పు తీరంలో తవ్వేవాళ్లు అందరికన్నా ముందు వెతికే పెంకు ఇదే. ఎక్కువగా పెద్ద పళ్లెం: మూతి అడ్డం 25 నుంచి 32 సెం.మీ. చుట్టుపక్కల, అంచు లోపలికి వంగి, అడుగు బల్లపరుపు. మట్టి చాలా మెత్తనిది, చేత్తో రుద్దితే ఇసుక తగలదు. మధ్యన బూడిద రంగు, పైన నలుపు, గోధుమ, ముదురు బూడిద రంగుల్లో నున్నటి పూత. మీటితే లోహంలా ఖంగుమంటుంది. అలంకరణ పళ్లెం లోపలి అడుగున ఉంటుంది: ఒకే కేంద్రం చుట్టూ వలయాలుగా సన్నటి చుక్కలు, త్రికోణాలు, వజ్రాకారాలు, చంద్రవంకలు వరసగా నొక్కినట్టు. అందుకే అంచు ముక్క ఒక్కటే దొరికితే వలయాలు కనిపించవు. మట్టి, పూత, అంచు వంపు చూసే గుర్తుపట్టాలి.

నొక్కులు ఎలా వేశారన్నది ఇంకా వాదనే. పళ్ల చక్రం దొర్లించారని ఒక మాట. సారె మీద తిరిగే పళ్లేనికి సాగే గుణమున్న పలచటి రేకు ఆనిస్తే అది కొట్టుకుంటూ గంతులేసి వరసగా గుర్తులు వదులుతుందని ఇంకో మాట. నొక్కుల మధ్య దూరం మారుతూ పోయే పెంకులు చూస్తే రెండోదే సబబు అనిపిస్తుంది. చక్రం అయితే అదే వరస మళ్లీ మళ్లీ రావాలి కదా.

1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్విన బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ దీన్ని మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చిందనుకున్నాడు. దాని ఆధారంగా తూర్పు తీరపు స్థలాలకు తేదీలు కట్టాడు. 1980లలో పురావస్తు పరిశోధకురాలు విమల బెగ్లీ ఆ తేదీలు ఇంకా వెనక్కి పోవాలని, ఇది మన దేశపు తయారీ అని వాదించారు. 1990లలో మట్టికి ఎక్స్‌రే పరీక్షలు చేసినప్పుడు గంగ దిగువ భాగం, చంద్రకేతుగఢ్, తామ్రలిప్తి పరిసరాల మట్టితో పోలిక కనిపించింది. ఇప్పుడు సాధారణంగా చెప్పే కాలం క్రీ.పూ. 3, 2 శతాబ్దాల నుంచి క్రీ.శ. 2, 3 శతాబ్దాల వరకు. శ్రీకాకుళం జిల్లా శాలిహుండం, గుంటూరు వైపు ధరణికోట, అమరావతి, సముద్రం దాటి శ్రీలంక అనురాధపురం, ఇండోనేషియా బాలి దీవి, ఈజిప్టులో ఎర్రసముద్రపు ఒడ్డున బెరెనికె దాకా ఇది దొరికింది. కాబట్టి డెల్టాలో ఈ పెంకు దొరికితే రోమన్ ఓడ వచ్చిందని రాసేయకండి. సరుకుగా తిరిగిన పళ్లెం అని రాయండి, అదే పెద్ద విషయం.

ఇక్కడే ఇంకో పొరపాటు: మధ్యధరా నుంచి నిజంగా వచ్చిన ఆంఫోరా జాడీలకి మందమైన గోడ, రెండు చెవులు, మొనదేలిన అడుగు ఉంటాయి. లోపల నల్లటి తారు అంటుకున్న జాడీ ముక్కలైతే పర్షియా సింధుశాఖ వైపువి కావచ్చు. తారు ఉన్న ముక్కని కడగొద్దు, లోపల ఏం పోశారో పరీక్షించడానికి అదే ఆధారం.

లక్క రంగు కుండ మీద తెల్ల గీతలున్నాయి. సున్నంతో వేసినవా?

తెల్లటి సుద్ద మన్ను గానీ సున్నం గానీ. ఎరుపు-గోధుమ పూత ఉన్న పాత్ర మీద అడ్డం, నిలువు, ఏటవాలు గీతలు, వల లాంటి అల్లిక, అలలు ఉంటాయి. కర్ణాటకలో బ్రహ్మగిరి, చంద్రవల్లి తవ్వకాల్లో ఇది బాగా కనిపించింది. వీలర్ దీన్ని ఆంధ్ర వేర్ అన్నాడు. ఆ పేరు చూసి ఇది మన దగ్గరే పుట్టిందనుకోకండి, శాతవాహనులకి ఆంధ్రులన్న పేరుంది కాబట్టి అలా పిలిచాడు. క్రీ.శ. తొలి శతాబ్దాల్లో దక్కన్ అంతా వాడిన పాత్ర ఇది.

దీనితో జాగ్రత్త. తెల్ల గీత చాలా పలచన. తడి బ్రష్ రెండుసార్లు ఆడితే పోతుంది. ఎరుపు మిగులుతుంది, గీత కాలువలో కలుస్తుంది.

పెంకు మీద త్రిశూలం, నిచ్చెన లాంటి గుర్తులున్నాయి. ఇది రాతేనా?

ముందు గీత అంచుల్ని భూతద్దంలో చూడండి. పచ్చి మట్టి మీద గీస్తే గీతకి రెండు పక్కలా మట్టి గట్టులా లేచి ఉంటుంది, అంచులు మెత్తగా ఉంటాయి. పూతకి ముందు గీసి ఉంటే పూత గీత లోపలికీ దిగుతుంది. కాల్చాక గోకితే అంచులు చిట్లి గరుకుగా ఉంటాయి, పూత తెగి లోపలి మట్టి రంగు కనిపిస్తుంది. పచ్చి మట్టి మీద గీసింది కుమ్మరి గుర్తు కావచ్చు. కాల్చాక గోకింది కొన్నవాళ్ల, వాడినవాళ్ల గుర్తు కావచ్చు.

గీత లోపల మట్టి నిండి ఉందా అన్నది కూడా చూడండి. తెల్లగా, శుభ్రంగా మెరుస్తుంటే అది పార తగిలిన గీత. నాగలి కర్రు, పార అంచు ఎన్ని లిపులు సృష్టించాయో లెక్కలేదు.

బ్రాహ్మీ అక్షరాలున్న పెంకులు మన తీరంలో దొరికిన మాట నిజం. శాలిహుండం వాటికి పేరున్న చోటు. అక్షరం అనిపిస్తే గీతల్లో సుద్దముక్క రుద్దడం, పెన్నుతో దిద్దడం చేయకండి. పక్క నుంచి టార్చి పడేసి ఫోటో తీస్తే చాలు.

నీలి పూల పింగాణీ ముక్కలు కూడా దొరుకుతున్నాయి. అవి తవ్వకాల వస్తువులేనా?

అవుతాయి, కాకపోతే కాలం వేరు. ముందు నీటిబొట్టు పరీక్ష చేయండి. విరిగిన అంచు మీద ఒక బొట్టు వేస్తే మామూలు మట్టి పెంకు వెంటనే పీల్చేస్తుంది, పింగాణీ మీద బొట్టు అలాగే నిలుస్తుంది. పలచటి పింగాణీని దీపానికి అడ్డం పెడితే వెలుతురు మసకగా కనిపిస్తుంది.

లేత పాచిరంగు గ్లేజుతో, బూడిద-తెలుపు రాతిలాంటి గట్టి మట్టితో ఉంటే చైనా సెలడాన్ కావచ్చు. కాకతి గణపతిదేవుడు 1244లో సముద్ర వ్యాపారులకి అభయం ఇస్తూ శాసనం వేయించిన మోటుపల్లిలో చైనా పాత్రల ముక్కలు దొరికాయి. తెలుపు మీద నీలం చైనాలో 14వ శతాబ్దం నుంచి పెద్ద ఎత్తున తయారైంది. డెల్టాలో పాలకొల్లు, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు, నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లిషువాళ్లు కొట్లు పెట్టారు కాబట్టి ఆసియా, ఐరోపా పింగాణీ రెండూ రావొచ్చు. 1839 తుపానులో దెబ్బతిన్న కోరంగి రేవు చుట్టూ కూడా ఇదే వరస. బొమ్మ మీద కుంచె ఒత్తిడి తేడాలు కనిపిస్తే చేత్తో వేసింది. సన్నటి చుక్కలతో, గీతలతో అచ్చు కాగితం మీద బొమ్మలా ఉంటే యంత్రపు అచ్చు, అది 18వ శతాబ్దం రెండో సగానికి ముందు కుదరదు. వాటితో పాటు సన్నటి తెల్లటి గొట్టం ముక్కలుంటే ఐరోపావాళ్ల మట్టి పొగగొట్టాలు.

పెంకు వయసు ఎలా కడతారు?

మొదట పొరని బట్టి. కింది పొర పాతది, పై పొర కొత్తది, కానీ మధ్యలో ఎవరూ గొయ్యి తవ్వి ఉండకపోతేనే. ఒరల బావి, చెత్త గొయ్యి, చెట్టు వేరు ఇవన్నీ పై పెంకుని కిందకి దింపుతాయి. సిమెంటు ఒరలకి ముందు కాల్చిన మట్టి ఒరలతో బావులు కట్టేవాళ్లు, ఆ పద్ధతి శాతవాహన కాలం నాటికే ఉంది. బావి లోపలి పెంకుని పక్క పొరలో పెంకుతో కలిపితే లెక్క తప్పుతుంది.

తర్వాత అదే పొరలో నాణెం, బొగ్గు. బొగ్గుకి కార్బన్ పరీక్ష చేయొచ్చు. పెంకునే పరీక్షించాలంటే థర్మోల్యూమినిసెన్స్: చివరిసారి కాలినప్పటి నుంచి పెంకులోంచీ చుట్టూ మట్టిలోంచీ వచ్చే స్వల్ప రేడియేషన్ వల్ల పెంకులో కూడిన శక్తిని కొలుస్తారు. సాధారణంగా 5 నుంచి 10 శాతం అటూఇటూ ఉంటుంది, అంటే 2,000 ఏళ్ల పెంకుకి 100 నుంచి 200 ఏళ్ల తేడా. దీనికి పెంకుతో పాటు దాని చుట్టూ ఉన్న మట్టి కూడా కావాలి, వెలుతురు తగలకుండా నల్ల సంచిలో పెట్టాలి. నీటితో నానిన మట్టి రేడియేషన్‌ని కొంత ఆపుతుంది. డెల్టా నేలలో ఊట ఏడాదికోలా మారుతుంది కాబట్టి తేమ లెక్క తప్పితే తేదీ కూడా తప్పుతుంది. కడిగి, ఎండబెట్టి, షోకేసులో పెట్టిన పెంకు తెచ్చి వయసు చెప్పమంటే చెప్పగలిగింది చాలా తక్కువ.

ఎలా కడగాలి? చింతపండుతో తోమొచ్చా?

చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, బాత్రూం ఆసిడ్ ఏదీ వద్దు. ఇత్తడి చెంబుకి మంచిది పెంకుకి చేటు. పులుపు సున్నపు గీతల్ని, మట్టిలో కలిపిన గవ్వల పొడిని తినేస్తుంది. లోపలి రంధ్రాల్లో మిగిలిపోయి తర్వాత కూడా తింటూనే ఉంటుంది.

ముందు ఒక్క సాదా పెంకుని నీళ్లలో పది నిమిషాలు ఉంచి చూడండి. మెత్తబడి అంచు కరిగితే అది సరిగా కాలని మట్టి, దాన్నీ దాని జతనీ కడగకుండా నీడలో ఆరబెట్టి పొడి కుంచెతో దులపాలి. గట్టిగా నిలిస్తే టబ్బులో నీళ్లు పోసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో ముందు విరిగిన అంచులు, తర్వాత ఒళ్లు తోమండి. రంగు బొమ్మలు, మసి, తారు, లోపల అంటుకున్న వండిన పదార్థం ఉన్నవి పక్కన పెట్టేయండి. కుళాయి కింద పట్టి కడగొద్దు. జల్లెడ లేని తూములోకి చిన్న ముక్కలు పోతాయి.

డెల్టాలో పెద్ద శత్రువు ఉప్పు. తీరం వైపు పర్ర నేలల్లో పెంకు ఏళ్ల తరబడి ఉప్పునీళ్లు పీల్చుకుంటుంది. బయటికి తీసి ఆరబెడితే నీరు ఆవిరై ఉప్పు గడ్డకడుతుంది, పూత కింద స్ఫటికాలు పెరిగి బొమ్మని పొరలు పొరలుగా లేపేస్తాయి. తీసినప్పుడు బాగున్న పెంకు ఆరు నెలలకి తెల్లటి నూగు పట్టి పొట్టు రాలుస్తుందంటే కారణం ఇదే. గట్టి పెంకులైతే ప్లాస్టిక్ టబ్బులో పెట్టి పైన నాలుగు వేళ్ల ఎత్తు ఆర్వో నీళ్లు పోయండి. రోజూ నీళ్లు మార్చండి. నీళ్లలో కరిగిన ఉప్పును చూపే టీడీఎస్ మీటరుతో (రొయ్యల చెరువుల ఊళ్లో అది తేలిగ్గానే దొరుకుతుంది) మార్చే ముందు కొలవండి. తాజా నీటి అంకెకీ 24 గంటల తర్వాత అంకెకీ పెద్ద తేడా లేకపోతే ఉప్పు దిగినట్టే. వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు. బోరు నీళ్లతో చేస్తే ఉన్న ఉప్పుకి కొత్త ఉప్పు తోడవుతుంది.

ఆరబెట్టడం నీడలో, వల మంచం మీదో చేటలోనో, సంచి చీటీ పక్కనే ఉండేలా. ఎండలో పెడితే పైన త్వరగా, లోపల నెమ్మదిగా ఆరి పూత చిట్లుతుంది. తడి ఉండగానే పాలిథిన్ సంచిలో మూటకడితే బూజు పడుతుంది.

విరిగిన ముక్కలు అతికించొచ్చా?

సూపర్ గ్లూ, ఎపాక్సీ వద్దు. రెండూ పట్టాక విడదీయడం కష్టం, పెంకు విరగొచ్చు. సంరక్షకులు వాడేది పారలాయిడ్ బి-72 అనే రెసిన్, అసిటోన్‌లో కరిగేది. తప్పు అతికితే అసిటోన్ రాసి మళ్లీ విడదీయొచ్చు.

ముందు జిగురు లేకుండా అన్ని ముక్కలూ కలిపి చూసి, సుద్దతో కాదు, కాగితం చీటీలతో వరస రాసుకోండి. అడుగు నుంచి మొదలుపెట్టాలి. వరస తప్పితే చివరి ముక్క దూరే సందు ఉండదు. అతికిన ముక్కని ఇసుక తట్టలో బరువు సమంగా పడేలా నిలబెట్టండి. అంచులో మట్టి రవ్వంత మిగిలినా పైకి పోయేసరికి మి.మీ. తేడా సెంటీమీటర్ అవుతుంది.

ఈ రెసిన్ సుమారు 40 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో రేకుల షెడ్డులో పెట్టిన కుండ అతుకుల దగ్గర జారి కూర్చుంటుంది. వానాకాలం తేమలో అతికితే జిగురు తెల్లగా పాలిపోతుంది. మన దగ్గర ఈ పనికి మంచి రోజులు కార్తీకం నుంచి మాఘం వరకు.

చిన్న అంచు ముక్క నుంచి కుండ ఎంత వెడల్పో ఎలా చెబుతారు?

కాగితం మీద ఒకే కేంద్రం నుంచి 1 సెం.మీ. ఎడంతో వలయాలు గీసి, బయటి వలయం నుంచి కేంద్రం దాకా గీతలు గీసి వలయాన్ని 5 శాతం చొప్పున విడదీయండి. పెంకు మూతిని కాగితం మీద బోర్లించి, కింద వెలుతురు దూరని కోణం వచ్చే దాకా వంచండి. ఆ కోణంలో ఏ వలయం మీద అంచు సరిగ్గా కూర్చుంటే అదే వ్యాసార్థం. ఎన్ని గీతలు ఆక్రమించిందో చూస్తే మొత్తం మూతిలో ఎంత శాతం మిగిలిందో తెలుస్తుంది. 5 శాతం కన్నా తక్కువుంటే ఆ కొలతని నమ్మొద్దు, చేతితో ఎత్తిన కుండల మూతి సరైన గుండ్రం కాదు కూడా.

బొమ్మ గీసేటప్పుడు మన దగ్గర ఎక్కువగా ఎడమ పక్క కోత, కుడి పక్క బయటి రూపం చూపిస్తారు. అసలు సైజులో గీసి తర్వాత తగ్గిస్తారు. ముద్రలు, నొక్కుల వలయాలు మాత్రం అసలు సైజులోనే ఇవ్వాలి.

చట్టం ఏమంటుంది? ఉంచుకోవచ్చా, అమ్మొచ్చా?

1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాగిన, 10 రూపాయలు మించిన విలువున్న వస్తువు దొరికితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. ఊళ్లో అది వీఆర్వో, తహసీల్దారు ద్వారా వెళ్తుంది. 1972 పురావస్తువుల చట్టం 100 ఏళ్లు దాటిన వస్తువుని పురావస్తువుగా చూస్తుంది, లైసెన్సు లేకుండా దాని వ్యాపారం చేయకూడదు, ప్రైవేటు వ్యక్తి దేశం దాటించకూడదు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, దానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత స్థలం నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. రక్షిత స్థలంలో సొంతంగా తవ్వడం శిక్షార్హం.

ధర అడిగేవాళ్లకి: సాదా పెంకుకి మార్కెట్టే లేదు. దాన్ని కొంటానని వచ్చేవాడు మీ దిబ్బలో ఇంకేముందో తెలుసుకోవడానికి వచ్చి ఉంటాడు.

తవ్వకంలో విద్యార్థిగా చేరితే పెంకుల పని ఏముంటుంది?

డెల్టాలో తవ్వకానికి అనువైన కాలం సంక్రాంతి తర్వాత మొదలవుతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక ఊట తగ్గుతుంది, కింది పొరలకి దిగగలిగేది అప్పుడే. అయినా గోతిలో ఓ మూల గుంట తీసి మోటారు పెట్టుకోవాల్సి వస్తుంది. బురదలో పొరల రంగులు కలిసిపోతాయి కాబట్టి గోడని తాపీతో పొద్దున్నే గీకి, తేమ సమంగా ఉండగానే చూడాలి.

గోతి నుంచి పెంకులు బుట్టల్లో పెంకుల పాకకి వస్తాయి. పాకలో నేలని తాడుతో గళ్లుగా విడదీస్తారు, ఒక్కో గడి ఒక్కో పొర. కడిగి ఆరాక మూతులు, అడుగులు, అలంకరణ ఉన్నవి, సాదా ఒళ్లు అని నాలుగు కుప్పలు. సాదావాటిని కూడా రకం వారీగా లెక్కపెట్టి తూచాకే పక్కన పెట్టాలి. బొమ్మలున్నవే ఏరుకుంటే ఆ ఇంట్లో రోజూ వండుకున్న అటికలు, నీళ్ల కాగులు లెక్కలోకి రావు, ఊరంతా పళ్లేల్లోనే బతికినట్టు నివేదిక తయారవుతుంది.

నంబరు వేసేది లోపలి వైపు, అంచుకి దూరంగా. బొమ్మ మీదా విరిగిన అంచు మీదా కాదు. పలచటి పారలాయిడ్ గీత, అది ఆరాక ఇండియన్ ఇంకుతో స్థలం, సంవత్సరం, గొయ్యి, పొర, వరస సంఖ్య, దాని మీద ఇంకో పలచటి పూత. రోజుకి కొన్ని వందలు రాయాల్సి వస్తుంది, 3 మి.మీ. అక్షరాలతో. ఇంట్లోనే అలవాటు చేసుకుని వెళ్తే మంచిది, గూన పెంకు ముక్కల మీద.

విరగని పాత్రలు, మంచి పెంకులు ఎక్కడ చూడొచ్చు?

రాజమహేంద్రవరంలో రాళ్లబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియం, విజయవాడ బాపు మ్యూజియం, అమరావతి మ్యూజియం. మీ పెంకు తీసుకెళ్లేట్టయితే కడగకుండా, చీటీతో, ఫోటోలతో తీసుకెళ్లండి. లోతు రాసిన చీటీ లేకపోతే మీరు చెప్పే ఊరి పేరు తప్ప వాళ్ల రిజిస్టర్లో రాయడానికి ఏమీ ఉండదు.